అయిపోని ఆట

కథలూ పద్యాలూ అచ్చయ్యే పత్రికలో కంప్యూటరు పేకాట గోల ఏమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. నా సమాధానం ఒకటే. ఆ పేకాట ఈ పత్రికకే అడ్డం వచ్చింది. మా ఇంట్లో అయిదు నెలల సంచికలు చుట్టిన కాగితం కూడా విప్పకుండా బీరువా మీద పడి ఉండిపోయాయి. చందా కట్టినవాణ్ణి నేనే, విప్పనివాణ్ణీ నేనే. ఎందుకలా జరిగిందో చెప్పాలంటే మొదటినుంచీ రావాలి. చెప్పేవాడు బ్యాంకు మనిషి గనుక మధ్యలో లెక్కలు కొంచెం ఎక్కువ దొర్లుతాయి. సహించండి.

నేను బి.కాం. ముగించి 1992 లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను. హోసూరు ప్రాంతంలో చిన్న శాఖ. కౌంటరు అవతల మాట్లాడేది తెలుగు, లెడ్జరులో రాసేది ఇంగ్లీషు, బయట బోర్డు మీద తమిళమూ హిందీ. సాయంత్రం డేబుక్ కూడి, అది పెట్టెలో క్యాషుతో సరిపోతేనే ఇంటికి దారి. మార్చి 31, సెప్టెంబరు 30 వచ్చాయంటే వడ్డీలు కట్టుకుంటూ అర్ధరాత్రి దాటేదాకా శాఖలోనే. "తేడా తొమ్మిదితో తెగిందా? అయితే ఎక్కడో 54 ను 45 అని వేసుంటావు, వెతుకు" అని మా హెడ్ క్యాషియరు గారు నేర్పిన కిటుకు నాకు ఇప్పటికీ పనికొస్తుంది.

ఆ లోకంలోకి కంప్యూటరు వచ్చింది. సులువుగా రాలేదు. రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ ఒకటి 1984 లో, మరొకటి 1989 లో నివేదికలిచ్చాయి. ఆ రంగరాజన్ గారే తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చారు. ఉద్యోగాలు పోతాయని యూనియన్లు గట్టిగా ఎదిరించాయి. 1993 లో ఒప్పందం కుదిరాక మెల్లగా దారి తెరుచుకుంది. మా శాఖకు కంప్యూటరు వచ్చేసరికి 1998. దానికోసం ఒక ఏసీ గది కట్టారు. చెప్పులు బయట విప్పి, గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం.

శిక్షణకు వెళితే, మొదటిరోజు మాకు నేర్పింది బ్యాంకింగు కాదు. మౌసు పట్టుకోవడం. ముప్పై ఏళ్ళు పెన్నుతో అంకెలు దిద్దిన చేతులకు ఆ మౌసు పట్టుబడలేదు. మా హెడ్ క్యాషియరు గారు దాన్ని బల్ల అంచుదాకా లాగి, ఇంకెక్కడికి లాగాలయ్యా అని అడిగారు. అప్పుడు నేర్పే కుర్రాడు నవ్వి, తెరమీద ఆకుపచ్చ బల్ల ఒకటి తెరిచాడు. ఏడు వరసలు పేకముక్కలు. "ముందు ఇది ఆడండి సార్, చెయ్యి దానంతటదే తిరుగుతుంది" అన్నాడు. అదే సాలిటేర్. ఒక్కడే కూర్చుని ఆడుకునే పేక.

ఆ ఆట చరిత్ర నాకు తర్వాత తెలిసింది. 1990 మే నెలలో మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 3.0 తో పాటు దాన్ని ఇచ్చారు. రాసినవాడు వెస్ చెర్రీ, అప్పటికి ఆ కంపెనీలో సెలవుల్లో పని నేర్చుకోవడానికి చేరిన విద్యార్థి. దానికి అతనికి రాయల్టీ కింద ఒక్క డాలరు ముట్టలేదు. ముక్కల బొమ్మలు గీసింది సూసన్ కేర్. ముక్కను పట్టుకుని లాగి మరో ముక్కమీద వదలడం అలవాటైతే మౌసు పని సగం వచ్చేసినట్టే. మా హెడ్ క్యాషియరు గారికి వారం రోజుల్లో వచ్చేసింది. ఆయన రిటైరయ్యేదాకా కంప్యూటరును 'పేకపెట్టె' అనే పిలిచారు.

నేను ఆ ఆటను ప్రేమించాను. ఈ మాట అనడానికి నాకు సిగ్గు లేదు. మావంటివాళ్ళకు అది ఎందుకు నచ్చుతుందో చెబుతాను. 52 ముక్కలు కలగాపులగంగా పడి ఉంటాయి. ఎర్రది మీద నల్లది, నల్లది మీద ఎర్రది పెడుతూ, మూసి ఉన్నవాటిని ఒక్కొక్కటే విప్పుతూ, చివరికి ఇస్పేటు ఇస్పేటులోకి, కళావరు కళావరులోకి, ఆఠీను ఆఠీనులోకి, డైమను డైమనులోకి, ఆసునుంచి రాజుదాకా వరసగా చేర్చాలి. చెల్లాచెదురైన పద్దులను నాలుగు ఖాతాల్లోకి సర్దినట్టే. ఆఖరి రాజు ఎక్కగానే ముక్కలన్నీ తెరమీద గంతులేసుకుంటూ జారిపోయేవి. ట్రయల్ బ్యాలెన్సు మొదటిసారికే సరిపోయిన గుమాస్తాకు ఎంత ఆనందమో నాకు అంత ఆనందం.

అంతకన్నా నాకు నచ్చింది ఇంకొకటి. ఆ ఆట ఓడించేది. మూడేసి ముక్కలు తిప్పే పద్ధతిలో, మూసి ఉన్న ముక్కలన్నీ ముందే తెలిసినా సరే, నూటికి దాదాపు 82 పంపకాలు మాత్రమే గెలవదగ్గవని కంప్యూటరు శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. మిగిలిన 18 బ్రహ్మ దిగివచ్చినా కుదరవు. ఇక ముక్కలు కనబడకుండా ఆడే మనబోటివాళ్ళం గెలిచేది అంతకన్నా తక్కువే. ఓడితే ఓడావని చెప్పేది కూడా కాదు. నాకే తెలిసేది, ఇక కదిలే ముక్క లేదని. అప్పుడు రెండే దారులు. మళ్ళీ పంచడం, లేకపోతే మూసేసి పనిలోకి దిగడం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూసి, ఒక ఆట ఆడి, రెండుకు ఠంచనుగా కౌంటరులో కూర్చునేవాణ్ణి. సుమారు పద్నాలుగేళ్ళు అలా ఆడాను. ఆ పద్నాలుగేళ్ళలో ఆ ఆట ఒక్కసారి కూడా నన్ను వెనక్కి పిలవలేదు.

ఆఫీసులో ఆడటం తప్పే అంటారా? ఒప్పుకుంటాను. 2006 లో న్యూయార్కు మేయరు బ్లూమ్‌బర్గ్ ఒక నగర ఉద్యోగి తెరమీద ఈ పేకను చూసి అతని ఉద్యోగమే తీసేశాడు. దొరలకు ఈ ఆటమీద కోపం ఎప్పుడూ ఉంది. నా ఫిర్యాదు అది కాదు.

2012 లో విండోస్ 8 వచ్చింది. అందులో ఈ పేక లేదు. కావాలంటే విడిగా దింపుకోవాలి, దింపుకుంటే అందులో వ్యాపార ప్రకటనలు. 2015 లో విండోస్ 10 తో మళ్ళీ లోపలికి వచ్చింది గాని ప్రకటనలూ వెంట వచ్చాయి. అవి వద్దంటే నెలకు ఒకటిన్నర డాలరు, ఏడాదికి పది డాలర్లు కట్టాలన్నారు. ఇరవై రెండేళ్ళు ఊరికే ఆడనిచ్చిన ఆట మీద అద్దె మొదలైంది. లోకమంతా గొణిగింది, తర్వాత అలవాటు పడింది. 2020 లో ఆ ఆటకు ముప్పై ఏళ్ళు నిండినప్పుడు నెలకు 3 కోట్ల 50 లక్షల మంది ఆడుతున్నారని, రోజుకు 10 కోట్లకు పైగా ఆటలు పడుతున్నాయని కంపెనీయే చెప్పుకుంది.

అప్పటికి నేను బల్లమీది కంప్యూటరు వదిలి ఫోనులోకి మారాను. ఫోనులో ఇలాంటి పేకలు లెక్కలేనన్ని ఉన్నాయి. నేను ఎక్కించుకున్నది వాటిలో ఒకటి. పేరు అనవసరం. అన్నీ ఒక తాను గుడ్డలే. అవే ఏడు వరసలు, అవే 52 ముక్కలు. కాని చుట్టూ సంత వెలసింది. ఆట గెలిస్తే నాణేలు. నాణేలు కూడితే కంచు బిళ్ళ, వెండి బిళ్ళ, బంగారు బిళ్ళ. ప్రతిరోజూ ఆ రోజుకు మాత్రమే ఒక పందెం ఆట. అర్ధరాత్రి పన్నెండు దాటితే ఆ రోజు పోయినట్టు. వరసగా ఇన్ని రోజులు ఆడావు, ఈరోజు మానితే వరస తెగుతుంది అని రాత్రి తొమ్మిదింటికి ఫోను టింగుమనేది.

వరస తెగకూడదు! రికరింగ్ డిపాజిట్ వాయిదా తప్పితే ఎంత బాధో ఊళ్ళో అందరికీ చెప్పి కట్టించినవాణ్ణి నేను. ఆ మాట నామీద ఎంత బాగా పనిచేసిందో చూడండి. ఆర్.డి.లో వాయిదా కడితే చివర అసలూ వడ్డీ చేతికొస్తాయి. ఇక్కడ 212 రోజులు వరసగా కట్టాను. చేతికొచ్చింది ఒక బంగారు బిళ్ళ బొమ్మ. దాన్ని తాకట్టు పెట్టుకునే బ్యాంకు భూమ్మీద లేదు.

ఆ పందెం ఆటలన్నీ గెలవదగ్గవే ఇస్తారు. కుదరని పంపకం ఒక్కటీ రాదు. ఎవరో ముందే సరిచూసిన పుస్తకాన్ని నా చేతికిచ్చి, నువ్వే సరిచూసినట్టు సంతోషించమనడం అది. మొదట్లో నేను సంతోషించాను కూడా. తర్వాత తర్వాత గెలుపులో రుచి పోయింది. రుచి పోయినా ఆడటం పోలేదు. పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలని కోరుతున్నాను. ఇష్టంలేని కూర ఎవరూ రోజూ వండుకోరు. ఇష్టంలేని ఆట మాత్రం నేను రెండేళ్ళు రోజూ ఆడాను.

ప్రకటనల వల్లే ఈ విసుగు అనుకుని ఏడాది చందా కట్టాను. ప్రకటనలు పోయాయి. నాణేలు పోలేదు సరికదా, చందాదారుడివి గనుక నీకు రెట్టింపు నాణేలన్నారు! బిళ్ళలు పోలేదు, తొమ్మిది గంటల టింగు పోలేదు. కాస్త మెదడు పెట్టి ఆలోచిస్తే అప్పుడే తెలిసి ఉండాల్సింది. రొద మానిపించుకోవడానికి డబ్బు తీసుకున్నారు గాని, గాలం తీయడానికి తీసుకోలేదు.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్పాలి. ఆమెకు ఎనభై దాటాయి. కళ్ళలో నీటికాసులు వచ్చి చూపు బాగా తగ్గింది. అక్షరాలు కనబడవు. మా తాలూకాలో తెలుగు బడి ఉన్నప్పుడు అయిదో తరగతి దాకా చదివిన మనిషి. చదవడం అంటే ప్రాణం. అందుకని రాత్రి భోజనాలయ్యాక ఒక గంట నేను చదివి వినిపించే ఏర్పాటు. భాగవతం కొంత, మన పత్రిక కొంత. కథలో మన పక్క మాట ఏదైనా కనబడితే "ఇదో, మన ఊరి మాటే రాసినాడు చూడప్పా" అని మురిసిపోయేది. మా పిల్లలు తమిళ మాధ్యమంలో, ఇంగ్లీషు మాధ్యమంలో చదివి బయటి ఊళ్ళలో ఉన్నారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఇంట్లో తెలుగు అక్షరం గొంతులోకి వచ్చేది ఆ ఒక్క గంటే.

ఆ గంటా, ఆ తొమ్మిది గంటల టింగూ ఒకటే సమయం. "ఒక్క ఆట అమ్మా, అయిపోతుంది" అనేవాణ్ణి. "కానీలే నాయనా, నీ ఆట అయినాకనే చదువుదువు" అనేది. ఆ ఆట అయ్యేది, ఇంకొకటి తెరుచుకునేది. నేను తలెత్తేసరికి ఆమె కళ్ళు మూసుకుని ఉండేది. నిద్రపోయిందో, ఊరికే మూసుకుందో నేను అడగలేదు. కొన్నాళ్ళకు ఆమె అడగడం మానేసింది. అడగడం మానేసిందన్న సంగతి కూడా నేను గమనించలేదు. ఒకనాడు బీరువా మీదినుంచి ఏదో కాగితం తీయబోతే, విప్పని పత్రికలు అయిదు, దుమ్ముతో సహా మీద పడ్డాయి. మన సంచిక ఎన్ని పేజీలుంటుందో మీకు తెలుసు. ఒక్కొక్కటీ మూడు రాత్రుల పని. పదిహేను రాత్రులు దొరకలేదా నాకు? దొరికాయి. నూటయాభై దొరికాయి. అన్నీ ఆసునుంచి రాజుదాకా సర్దడానికి ఖర్చయ్యాయి.

ఈ తప్పును ఏ కంపెనీ మీదా తోసెయ్యను. వేలు నాది, ఫోను నాది, అమ్మ నాది. కాని నేను తప్పు చేశాను గనుక ఆ ఆట మంచిదైపోదు. ఈ రెండు పద్దులనూ విడివిడిగా రాయాలి. ఆ ఆటను ఎందుకు కాదంటున్నానో ఇక సూటిగా చెబుతాను.

నా వాదం కామర్సు చదివినవాడి వాదం. ఏ సరుకైనా సరే, దాని లాభం ఎక్కడ తగిలించి ఉందో సరుకు అటే ఒరుగుతుంది. పాత పేకను ఇచ్చిన కంపెనీ ధర్మసత్రం నడపలేదు. మనకు మౌసు అలవాటు కావాలి, విండోస్ అమ్ముడుపోవాలి, అంతే దాని లాభం. విండోస్ కొన్నప్పుడే ఆ లాభం వాళ్ళకు ముట్టింది. ఆ తర్వాత నేను ఒక ఆట ఆడినా వంద ఆడినా, ఒక్కటీ ఆడకపోయినా వాళ్ళకు పైసా తేడా లేదు. అందుకే ఆ ఆట నన్ను నా మానాన వదిలేసింది. దాని మర్యాద దాని పుట్టుకలో లేదు, లెక్కలో ఉంది. ఇప్పుడు లాభం నా నిమిషాలకు తగిలించారు. నేను పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటే నాలుగు ప్రకటనలు ఎక్కువ. నేను రేపు కూడా వస్తే ఎల్లుండి చందా. ఇక ఆట ఎందుకు ముగుస్తుంది? ముగిసిపోవడం అన్నది దానికి నష్టం. చక్కగా అయిపోయే గుణాన్ని ఆటలోంచి తీసేశారు. ముక్కలు అవే, నియమాలు అవే, కాని ఆట అది కాదు.

అనుమానమున్నవాళ్ళు క్యాండీ క్రష్ లెక్క చూడండి. 2012 లో వచ్చిన ఆట. అందులో అయిదు ప్రాణాలు. అయిదూ పోతే అరగంటకు ఒకటి చొప్పున తిరిగి వచ్చేదాకా ఆగాలి, ఆగలేకపోతే కొనాలి. అంటే అమ్మేది మిఠాయి కాదు, అరగంట ఓపిక. దాన్ని చేసిన కింగ్ కంపెనీ 2014 మార్చిలో న్యూయార్కు షేరు మార్కెట్టుకు వెళుతూ లెక్కలు బయటపెట్టింది. 2013 ఆఖరి మూడు నెలల్లో నెలకు సుమారు 30 కోట్ల మంది వాళ్ళ ఆటలు ఆడారు. అందులో డబ్బు కట్టినవాళ్ళు 1 కోటి 20 లక్షలు. నూటికి నలుగురు. ఆ ఏడాది ఆదాయం మాత్రం 188 కోట్ల డాలర్లు. బ్యాంకు భాషలో చెప్పాలంటే, నలుగురు ఖాతాదారులు తొంభై ఆరుగురి ఖర్చు మోస్తూ లాభం కూడా తెచ్చిపెడుతున్నారు. ఆ నలుగురు ఎవరవుతారో ముందుగా తెలియదు గనుక నూరుగురినీ కూర్చోబెట్టాలి. ఆ కింగ్‌ను 2016 లో యాక్టివిజన్ బ్లిజార్డ్ 590 కోట్ల డాలర్లకు కొన్నది. యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ కొన్నది. ఊరికే పేక ఇచ్చిన ఇల్లూ, అరగంట అమ్మిన ఇల్లూ ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నాయి.

దీనికి మూడు జవాబులు వస్తాయని నాకు తెలుసు.

ఒకటి, 'నిన్నెవరు ఆడమన్నారు? మానెయ్యవచ్చుగా?' మానేశాను. కాని మానడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అప్పటికి నాకు యాభై దాటి, చేతులమీదుగా కోట్ల రూపాయల క్యాషు పోయినా ఒక్క రూపాయి తడబడని మనిషిని. పదేళ్ళ పిల్లవాడికి ఎంతకాలం పడుతుంది? అప్పు తీసుకున్నవాడు సంతకం పెట్టాడు గనుక వడ్డీ వ్యాపారి ఏం చేసినా సరే అని మనం ఎప్పుడైనా అన్నామా? సంతకం ఒక ఎత్తు, పత్రంలో రాసింది ఒక ఎత్తు.

రెండు, 'ఇది ముసలివాళ్ళ పాత పాట. మన కాలపు ఆటలే మంచివంటారు.' కాదు. మా చిన్నప్పుడు అష్టాచెమ్మా, బారాకట్ట, దాడి, వామనగుంటలు అన్నీ ఆడాం, వాటిలోనూ పూటలు పూటలు పోయేవి, దెబ్బలూ తిన్నాం. పాత గుళ్ళలో మంటపాల బండలమీద పులిజూదం గీతలు చెక్కి ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. ఎన్ని తరాలు ఆడారో వాటిమీద. కాని పులి మేకలను తిన్నాకనో, మేకలు పులిని కట్టేశాకనో లేచి ఇంటికి పోయేవాళ్ళు. రేపు రాకపోతే నీ వరస తెగుతుందని ఏ బండా అనలేదు. మన పురాణాల్లో ధర్మరాజు, నలుడు జూదంలో సర్వం పోగొట్టుకున్నారు. నిజమే, కాని ఎదురుగా కూర్చున్నవాడు ఎవడో వాళ్ళకు కనబడుతున్నాడు. నా పేకలో నేనొక్కణ్ణే ఆడుతున్నాననుకున్నాను. ఎదుటివాడు ఉన్నాడనీ, వాడు ఓపికగా నా నిమిషాలు ఎంచుకుంటున్నాడనీ తెలియనే లేదు.

మూడు, 'డబ్బు పోలేదు కదా, ఏమంత నష్టం?' ఇది మన చట్టాలు కూడా అంటున్న మాటే. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1967 లో, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తీర్పు చెప్పింది. దానిమీద అర్ధశతాబ్దం వాదాలు నడిచాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017 లో, ఆంధ్రప్రదేశ్ 2020 లో నిషేధించాయి. మా తమిళనాడు 2022 లో చట్టం చేస్తే, అది రమ్మీకి వర్తించదని 2023 లో మద్రాసు హైకోర్టు అన్నది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటే డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చేసింది మంచిపనే. జీతం పడిన రోజే ఖాతా ఖాళీ అవడం కౌంటరు ఇవతలినుంచి చూసినవాణ్ణి గనుక చెబుతున్నాను. కాని చందా కట్టించుకుని ఆడించే ఆటలు ఆ చట్టం కింద తప్పు కావు. అందులో పందెం లేదు కదా! పందెం రూపాయల్లో ఉంటేనే చట్టానికి కనబడుతుంది. పందెంగా పెట్టింది అమ్మతో గడిపే గంట అయితే దానికి ఏ లెడ్జరులోనూ పద్దు లేదు.

ఆ ఆటలనూ నిషేధించమని నేను అడగటం లేదు. పోలీసులు వచ్చి నా ఫోనులో పేక వెతకడం నాకూ ఇష్టం లేదు. కాని డబ్బు పోలేదు గనుక నష్టం లేదనే మాట మాత్రం ఒప్పుకోను.

ఇంతా చెప్పి నా ఇల్లు శుభ్రంగా ఉందని నటిస్తే పాఠకులు నవ్వుతారు. మేమూ అదే దారి పట్టాం. నేను చేరిన కొత్తలో ఖాతా తెరవడమంటే ఆ మనిషి డబ్బు దాచి, అడిగినప్పుడు ఇవ్వడం. పని అవగానే "ఇక వెళ్ళిరండి" అనేవాళ్ళం. తర్వాత టార్గెట్లు వచ్చాయి. డిపాజిట్ వేయడానికి వచ్చిన పెన్షను పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఆయనకు అక్కరలేని బీమా పాలసీ కాగితం ముందుకు జరిపిన రోజు నాకూ ఉంది. ఆయన చదవకుండా సంతకం పెట్టాడు, నా ముఖం చూసి పెట్టాడు. ఆ సాయంత్రం మేనేజరు నా భుజం తట్టాడు. అది నాకు దొరికిన బంగారు బిళ్ళ. కాబట్టి ఆ ఆటలో నేను చూసిన గాలం నాకు కొత్త కాదు. దాన్ని విసిరిన చెయ్యిలో నా చెయ్యి పోలిక ఉంది. బహుశా అందుకే నాకు ఇంత కోపం.

ఆ ఆటను తీసేసిన రాత్రి పెద్దగా ఏమీ జరగలేదు. తీసేస్తే నీ నాణేలన్నీ పోతాయి, సరేనా అని అడిగింది. సరే అన్నాను. కొన్నాళ్ళపాటు తొమ్మిదయ్యేసరికి చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. మొదటి సంచిక విప్పి అమ్మ పక్కన కూర్చుంటే, "ఆట అయిపోయిందా నాయనా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. అవునన్నాను. అయిదు సంచికలూ చదవడానికి పద్దెనిమిది రాత్రులు పట్టింది. మధ్యలో రెండు కథలు రెండేసిసార్లు చదివించుకుంది మరి.

పేకమీద నాకు ఇప్పటికీ ద్వేషం లేదు. మా వీధి కొట్లో ఒక నిజమైన పేకకట్ట కొనుక్కున్నాను. ఆదివారం మధ్యాహ్నం మంచంమీద ఏడు వరసలు పరుచుకుంటాను. ఎక్కువసార్లు ఓడిపోతున్నాను. ముక్కలు గంతులెయ్యవు. కట్ట మూసి డబ్బాలో పెడితే అక్కడే ఉంటుంది.

పాఠకులను కోరేది ఒక్కటే. మీ చేతిలోనో, మీ పిల్లల చేతిలోనో ఉన్న ఆటను చూసి 'ఇది మంచిదా చెడ్డదా' అని కాదు, 'దీనికి డబ్బు ఎప్పుడు వస్తుంది' అని అడగండి. ఒకసారి కొన్నప్పుడు వస్తుందా, లేక మనం లేవనంతసేపూ వస్తుందా? రెండోదైతే అది అయిపోదు. మీరే లేవాలి.